మళ్ళీ కొలవాలి

"అమ్మా, రేపు పాపకి ఆపరేషన్ చేయించకండి."

రాజమండ్రిలో ఓ పెద్ద ఆసుపత్రి గేటు బయట ఇడ్లీ కట్టించుకుంటున్న మీనాకుమారి గిరుక్కున తిరిగింది. నలిగిన చొక్కా, చేతిలో టిఫిన్ క్యారియర్, ముక్కూ మొహం తెలియని మనిషి.

"ఎవరండీ మీరు?"

"మోకాలి కింద ఎముక మెలి తిరిగిందని రిపోర్టిచ్చారు కదండీ. ఆ కొలత తప్పండి. మోకాలి దగ్గరోసారి, చీలమండ దగ్గరోసారి స్కాన్ తీస్తారు. మధ్యలో కాలు కదిలితే లెక్కంతా పోతుందండి. మళ్ళీ కొలిపించండి."

మీనాకుమారికి ఒళ్ళు మండింది. గేటు దగ్గర కాపేసి పేషెంట్లని వేరే ఆసుపత్రులకి లాక్కుపోయే బ్రోకర్లుంటారని, నరసాపురంలో బస్సెక్కించేటప్పుడే ఆడపడుచు చెప్పింది.

"ఏ ఆసుపత్రి బ్రోకరువయ్యా నువ్వు? డాక్టరు గారి కంటే నీకెక్కువ తెలుసా?"

"పోనీ మీరే చూసుకోండమ్మా. పాపని బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, పైనుంచి పాదాలు చూడండి. రెండూ ఒక్కలాగే ఉంటాయి. నేను..."

"నోర్ముయ్!"

అక్కడితో ఊరుకుందా? ఆఫీసులోకెళ్ళి, కిటికీ అద్దంలోంచి వేలుపెట్టి మరీ చూపించింది.

"అదుగో, ఆ క్యారియర్ పట్టుకున్నవాడే! ఇలాంటివాళ్ళని గేటు దగ్గరికెలా రానిస్తున్నారండీ?"

మేనేజరు తొంగిచూసి, ఒక్క క్షణం ఆగాడు.

"మేం చూసుకుంటామండి."

బాగానే చూసుకున్నారు!

మర్నాడు ఎముక కోసి, తిప్పి, ప్లేటు బిగించారు.

నాలుగు నెలలకి ఆమె కూతురు, ఏడేళ్ళ భానుతేజ లేచి నడిచింది. కుడి పాదం బయటికి తిరిగిపోయింది. పరుగు మాట దేవుడెరుగు, బడి మెట్లెక్కడానికే గోడ పట్టుకుంటోంది.

ఓ రోజు మీనాకుమారి పాపని మంచం మీద బోర్లా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి చూసింది. ఒక పాదం తిన్నగా, ఒకటి పక్కకి. ఆ రోజే చూసుంటే అర నిమిషం పట్టేది కాదు.

మళ్ళీ రాజమండ్రి వెళ్ళి, కౌంటరు బల్ల మీద చరిచింది.

"మా పాప కాలు కొలిచిందెవడు? పిలవండి వాణ్ణి!"

కౌంటర్లో ఉన్న లక్ష్మీప్రసన్న పాత ఫైలు తీసింది. అడుగున స్కాన్ కాగితం మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంది: 'మధ్యలో పాప కాలు కదిలింది. మళ్ళీ కొలవాలి. ఉదయభాస్కర్, స్కాన్ టెక్నీషియన్.'

మీనాకుమారి రగిలిపోయింది.

"ఇంత స్పష్టంగా రాస్తే మళ్ళీ ఎందుకు కొలవలేదు? మీకు పిల్లల్లేరా? ఆ ఉదయభాస్కర్ గారేరీ? ఆయనతోనే చెప్పిస్తాను!"

లక్ష్మీప్రసన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రమే ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారండి. మీరు కిటికీలోంచి వేలుపెట్టి చూపించింది ఆయన్నేనండి."