వైబ్రాటో బిగింపు

“బట్టలు కుట్టే దారంతో గిటార్ కొలుస్తావా? నలుగురూ నవ్విపోతారే!” అన్నాడు అన్న.

చెల్లెలు దర్జీ. విడిభాగాల కిట్‌గా వచ్చిన ఎలక్ట్రిక్ గిటార్‌కి, తీగల కొసల్ని పట్టి ఉంచి, మీట నొక్కితే స్వరం ఊగించే వైబ్రాటో టెయిల్‌పీస్ బిగిస్తోంది. అది తిన్నగా కూర్చునే చోటు కోసం గిటార్ మెడ రెండు అంచుల వెంట రెండు దారాలు లాగి చూసింది.

“రంధ్రాల కోసం కిట్‌వాళ్లు పెట్టిన గుర్తు పక్కకి పోయింది అన్నయ్యా.”

“ఇరవై ఏళ్లుగా స్టేజీ మీద వాయిస్తున్నా. నాకే నేర్పుతావా? జరుగు!”

అన్న డ్రిల్లు లాక్కుని గుర్తు మీదే రంధ్రాలు వేశాడు. తీగలు బిగిస్తే చివరిది మెడ అంచు దాటి జారిపోయింది.

“పనికిమాలిన చెక్క,” అన్నాడు.

ఆమె ఆ రంధ్రాలకు చెక్క బిరడాలు కొట్టింది. జిగురు ఆరాక, దారం చూపిన చోట మళ్లీ బిగించింది. మీట నొక్కి వదిలితే తీగలు ఊగి, సరిగ్గా అదే శ్రుతికి తిరిగొచ్చాయి.

“పర్లేదు. శుక్రవారం ప్రోగ్రాంకి పట్టుకెళ్తా,” అంటూ గిటార్ ఎత్తాడు.

“శుక్రవారం నేను వాయిస్తున్నా అన్నయ్యా.”

“నువ్వా? ఎవరితో?”

“మీ బృందంతోనే. నువ్వు ఎగ్గొట్టిన రిహార్సల్స్‌లో వాయించింది నేనే. ఇక నన్నే ఉంచుకుంటామన్నారు.”

అతను నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు.

అన్న గిటార్‌ని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా ఆమె ముందు పెట్టాడు.