పక్క గుంటలో నెల రోజులు

సముద్రం ఒడ్డున రాళ్ల మధ్య మడుగు అంచుకి ఓ పెద్ద పోటు కొత్త చారల చేపను మోసుకొచ్చింది. "రామ్మా, లోపలికి రా!" అంటూ పీత ఎదురెళ్లింది. ముసలి పండుగప్ప చేప అడ్డం నిలబడింది.

"ముందు పక్క గుంటలో నెల రోజులుండు. అక్కడ వాన నీళ్లు కలిసి ఉప్పు తగ్గింది. ఒంటి మీద పురుగుంటే బతకదు."

"నా ఒంటి మీద నీకేం కనబడుతోంది తాతా?" అని చారల చేప రుసరుసలాడింది.

"ఇంకా ఏం కనబడలేదు. కనబడేదాకా ఆగితే మడుగంతా అంటుకుంటుంది."

గుంటలోకెళ్లిన ఐదో రోజున దాని రెక్కల మీద తెల్ల మచ్చలు లేచాయి. నెల తిరిగేసరికి అన్నీ రాలిపోయి, అది మడుగులోకి వచ్చింది.

మరో పోటుకి పండుగప్పే సముద్రంలోకి కొట్టుకుపోయి, రెండు రోజులకు తిరిగొచ్చింది. వస్తూనే నేరుగా పక్క గుంటలోకి దూకింది.

"ఇది నీ మడుగే కదా తాతా!" అని పీత నవ్వింది.

"ఆ సంగతి పురుగుకి తెలీదుగా!"