అడకత్తెరలో కోడలు

"కోడ్ పంపించాం. 38తో ముగిసే నంబరులో చూసుకోండి" అని తెర మీద కనబడగానే కోడలి గుండె గుభేల్మంది. ఆ నంబరు తన పాతది. నాలుగేళ్ళ క్రితం కొత్త ఫోను కొనుక్కుని, పాతది సిమ్ముతో సహా అత్తగారికి ఇచ్చేసింది. ఆ అత్తగారు రెండు గజాల దూరంలో కూర్చుని ఎవరిదో కోటుకి కాజాలు కుడుతున్నారు. ఆవిడ పక్కన సుద్దముక్కల డబ్బా మీద ఫోను టింగుమంది.

పొద్దున్నుంచీ ఫేస్‌బుక్ నిండా ఒకటే గోల. ఎప్పుడో తను మారుపేరుతో రాసుకున్న 'అడకత్తెరలో కోడలు' బ్లాగులోంచి ఎవరో ఒక ముక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టారు. "నేను కుట్టిన ప్రతి కాలరూ మా అత్తగారు విప్పి మళ్ళీ కుడతారు. నా నవ్వు వంకరగా ఉందని దాన్నీ విప్పేస్తారేమోనని నోరు మూసుకుని తిరుగుతున్నా." తొమ్మిది వేలమంది షేర్ చేశారు. బ్లాగు రోజుల్లో దీన్ని చదివింది పద్నాలుగు మంది. వాళ్ళవీ మారుపేర్లే. కష్టం చెప్పుకుంటే గజం పొడవు జవాబులు రాసేవాళ్ళు. తర్వాత అందరూ ఫేస్‌బుక్‌కి మకాం మార్చారు, తనూ మార్చింది. నలభై ఒకటో పోస్టుతో బ్లాగు మూలపడింది. ఫేస్‌బుక్‌లో అత్తగారూ ఫ్రెండే కాబట్టి అక్కడ తను పెట్టేవన్నీ పూల బొమ్మలూ, పిల్లి ఫోటోలూ.

ఇప్పుడు ఎవరైనా పనిగట్టుకుని బ్లాగు తిరగేస్తే కొంప మునిగినట్టే. మూడో పోస్టులోనే తామిద్దరూ నడిపే ఈ కుట్టు షాపు బోర్డు మీద ఏముందో పొల్లుపోకుండా రాసింది. అప్పుడు రాసింది అబద్ధమేం కాదు. కానీ ఇప్పుడు ఈవిడ తనకి కన్నతల్లి కంటే ఎక్కువ. ఇవి చదివి ఆవిడ మనసు విరిగితే, రేపట్నుంచి ఇద్దరూ పక్కపక్కన ఎలా కూర్చుంటారు? అందుకే బ్లాగు మొత్తం పీకేద్దామని చూస్తే పాస్‌వర్డ్ తప్పంది. "మీ పాస్‌వర్డ్ నాలుగేళ్ళ క్రితం మారింది" అని దెప్పింది కూడా. ఎప్పుడు మార్చిందో తనకే గుర్తులేదు. 'మర్చిపోయాను' అని నొక్కితే ఈ కోడ్ వచ్చిపడింది.

"అమ్మాయ్, ఏవో ఆరంకెలు వచ్చాయి" అన్నారు అత్తగారు, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి.

"నాకే అత్తయ్యా. జిప్పులు ఆర్డర్ పెట్టాను. కాస్త చదవండి."

"జిప్పులు మొన్ననేగా తెచ్చాం?"

"అవి నల్లవి. ఇవి రంగువి."

"ఈ కోడ్ ఎవరికీ చెప్పొద్దని రాశారే."

"నేను ఎవరో ఏమిటి అత్తయ్యా, మీ కోడల్ని!"

"కోడలికి చెప్పొచ్చని కూడా రాయలేదు మరి" అని నవ్వి, ఆవిడ ఒక్కో అంకే ఒత్తి ఒత్తి చదివారు.

బ్లాగు తలుపు తెరుచుకుంది. హమ్మయ్య అనుకుంది కోడలు. పోస్టుల జాబితా వైపు కన్నెత్తకుండా నేరుగా సెట్టింగుల్లోకి వెళ్ళింది. చూస్తే తీసేయడానికి మనసొప్పదని భయం. అట్టడుగున ఎర్రక్షరాలు: "బ్లాగు శాశ్వతంగా తొలగించాలా?"

"అమ్మాయ్" అన్నారు అత్తగారు, సూదిలో దారం ఎక్కిస్తూ. "ఆ జిప్పుల కంపెనీ పేరు అడకత్తెరలో కోడలా?"

కోడలు గబుక్కున ఫోను ఒళ్ళోకి దించింది. "మీకు... మీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు ఫోను ఇచ్చిన రోజే. పైన అద్దం తళతళలాడేలా తుడిచిచ్చావు గానీ, లోపల ఏం తుడవలేదు. తెరవగానే నా భాగోతమే."

"నాలుగేళ్ళు! ఒక్క మాటైనా అనలేదే అత్తయ్యా!"

"మొదటి రోజు ఏడ్చాను. రెండో రోజు, నేను కస్టమరు పాంటు అనుకుని మీ మావయ్యగారి పాంటు పొట్టి చేసిన ముక్క చదివి, నవ్వలేక చచ్చాను. మూడో రోజు నుంచి నీ కాలర్లు విప్పడం మానేశాను. చూసుకోలేదూ?"

కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. నిజమే. తన కుట్టు బాగుపడిందని ఇన్నాళ్ళూ మురిసిపోయింది! ఏడుపూ నవ్వూ కలిసి తన్నుకొచ్చాయి. పొద్దున్నుంచీ గుండెల మీదున్న కుంపటి దిగిపోయింది. లేచెళ్ళి ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది.

"సూది, సూది! గుచ్చుకుంటుంది" అన్నారు అత్తగారు, విడిపించుకోకుండానే.

"మీ మనసు నొప్పించినవి ఇంక ఒక్కటీ ఉండకూడదు అత్తయ్యా. ఇదిగో, మీ ముందే మొత్తం తీసేస్తున్నా" అంటూ ఫోను పైకెత్తి, ఎర్రక్షరాల మీదకి వేలు తీసుకెళ్ళింది.

అత్తగారు కోటు కింద పడేసి, కోడలి మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"ఆగాగు! తీస్తే నీ నలభై ఒక్కటీ తీసుకో. ఆ తర్వాత అందులోనే నేను రాసిన యాభై ఆరూ ముట్టుకున్నావంటే ఊరుకోను!"