చీటీల పెద్దాయన

"రేపొక్క రోజు దయచేసి ఎవరూ రాకండి," అంది లైబ్రేరియన్.

ఆ పేటకు ఉన్నదల్లా ఒక్క గది గ్రంథాలయం. అందులో ఒక్కటే కంప్యూటరు, అదీ బుద్ధి పుడితేనే పనిచేసేది.

దాని ముందు క్యూ పొద్దున్నే మొదలై మెట్ల దాకా ఉండేది. హాల్‌టికెట్ల కోసం పిల్లలు, పింఛను కాగితాల కోసం ముసలివాళ్లు, ఉద్యోగాల కోసం ఆడవాళ్లు.

పది కంప్యూటర్లు కావాలని మున్సిపాలిటీ గ్రాంటుకి ఆమె దరఖాస్తు పెట్టడం ఇది మూడోసారి. రెండుసార్లు చుక్కెదురైంది. ఏడాదికి ఒక్క గ్రంథాలయానికే ఇస్తారు మరి.

ఈసారి వ్యవహారం తనిఖీ దాకా వచ్చింది. ఇదీ పోతే, ఆ ఒక్క కంప్యూటరు మూలపడ్డ రోజున ఇంతమందినీ వట్టి చేతులతో తిప్పి పంపాలి.

అందుకే మూడు రోజులు నడుం విరిగేలా గది కడిగింది. బల్లలకు రంగు వేయించింది.

"ఎవరూ రాకపోతే ఎలాగమ్మా?" అన్నాడు చీటీల పెద్దాయన.

ఆయనెవరో, ఏ వీధో ఆమెకు తెలియదు. ఆర్నెల్లుగా నలుగురైదుగురిని వెంటేసుకుని వస్తున్నాడు. జనం వంతుల కోసం జుట్టూ జుట్టూ పట్టుకోకుండా పాత క్యాలెండరు చింపి, నంబర్లేసి, చీటీలు పంచేవాడు. తను మాత్రం ఏనాడూ ఒక్క చీటీ తీసుకోలేదు.

పనీపాటా లేని మనిషి, అనుకునేది ఆమె.

"ఆఫీసరు వచ్చేసరికి గది కళకళలాడాలి పెద్దాయనా. ఈ తొక్కిసలాట చూస్తే ఏమనుకుంటాడు?"

"గది కళకళలాడేది మనుషులుంటేనే కదమ్మా."

ఆమెకు ఒళ్లు మండింది.

"ఇది మా గ్రంథాలయం పరువు. గ్రాంటు రాకపోతే మీకేం పోయింది?"

ఆయన మిగిలిన చీటీలు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.

మర్నాడు పదింటికి ఆఫీసరు వచ్చాడు. గది అద్దంలా మెరుస్తోంది. చీమ కూడా లేదు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు అటూ ఇటూ చూసి. "ఇంతకీ ఇక్కడికి ఎవరైనా వస్తారా?"

"బోలెడుమంది వస్తారు సార్."

"ఏరీ?"

ఆమెకు తన కాళ్లు తనే నరుక్కున్న సంగతి అప్పుడు తెలిసొచ్చింది.

ఆఫీసరు నిట్టూర్చి పెన్ను తీశాడు.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. ముందు పెద్దాయన, వెనక నలభై మంది. అందరి చేతుల్లో చీటీలు.

"ఒకటో నంబరు, లోపలికి పదమ్మా," అన్నాడాయన, ఏమీ ఎరగనట్టు.

ఆఫీసరు పెన్ను జేబులో పెట్టేశాడు.

"ఎక్కడి నుంచి వస్తున్నారు?" అని ఒకటో నంబరామెను అడిగాడు.

"కాలువ అవతలి నుంచండీ. గంట నడక. మా వైపు కంప్యూటరే లేదు."

పది నిమిషాల్లో వెళ్లాల్సిన మనిషి రెండు గంటలు కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ అడిగి రాసుకున్నాడు.

మూడు వారాలకు మంజూరు ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ దాన్ని క్యూ అంతటికీ వినపడేలా చదివింది.

"ఇది నా గొప్ప కాదు, మీది. గ్రాంటు గెలిచింది మన క్యూ," అంది.

ఆమె అంత గర్వంగా నిలబడటం ఆ పేట ఎప్పుడూ చూడలేదు.

పెద్దాయన మాత్రం తనిఖీ రోజు తర్వాత మళ్లీ కనిపించలేదు. కొత్త కంప్యూటర్లు వచ్చిన రోజు ఆమె చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. చివరికి, ప్రారంభానికి వచ్చిన ఆఫీసరునే అడిగింది.

"ఆ రోజు చీటీలు పంచినాయన ఎక్కడుంటారో తెలుసా సార్? తొందరపడి ఓ మాటన్నాను. క్షమించమని అడగాలి."

"ఇప్పుడు దొరకరమ్మా. పోయిన నెల రిటైరై, కూతురుండే ఊరికి వెళ్లిపోయారు."

"రిటైరయ్యారా? ఏం చేసేవారు?"

ఆఫీసరు ఆమె వంక వింతగా చూశాడు.

"కాలువ అవతలి పేట లైబ్రేరియన్ ఆయన. ఈ గ్రాంటుకి మీతో పోటీగా మిగిలిన దరఖాస్తు ఆయనదే. ఆ మధ్యాహ్నం తనిఖీకని నేను అక్కడికి వెళ్లేసరికి, 'మా గది కప్పు కారుతోంది, మావాళ్లు నడిచి వెళ్లేదీ అక్కడికే, వాళ్లకే ఇవ్వండి' అని సంతకం చేసిన కాగితం నా చేతిలో పెట్టారు."