నీలం చొక్కా మనిషి

"వీడెవడు?" అన్నాడు వాహెద్.

షెహజాది తలెత్తలేదు. జరీ కాగితం ముక్కను జిగురు మీద ఆనించి వేలితో మెల్లగా అదిమింది. "ఎవరండీ?"

"ఈ నీలం చొక్కావాడు. అన్ని బొమ్మల్లోనూ వీడే!"

టేబుల్ నిండా అగ్గిపెట్టెంతేసి బొమ్మలు. మిఠాయి డబ్బాల కాగితాలు, పాత పెళ్లికార్డుల అంచులు కత్తిరించి అంటించి, మిగతా చోట సన్న కుంచెతో రంగులు వేస్తుంది. శనివారం తాముండే వెర్రిబీ ఊరి లైబ్రరీలో వాటిని ప్రదర్శనకు పెడుతున్నారు. ఒంగోలు వదిలి ఈ పరాయి దేశం వచ్చాక ఆమె తనకంటూ సంపాదించుకున్న మొదటి సంతోషం అది.

ఇన్నాళ్లూ వాహెద్ వాటివైపు చూస్తే ఒట్టు. రెండువేల సంవత్సరం రాగానే బ్యాంకు కంప్యూటర్లు తేదీలు తప్పుతాయట. వాటిని సరిచెయ్యడం అతని ఉద్యోగం. పొద్దున్నే చీకటితో పోవడం, చీకటి పడ్డాక రావడం, చొక్కా అయినా మార్చకుండా కంప్యూటరు గదిలో దూరడం. తెరమీద లైటు పడితే తలనొప్పని లైటార్పి మరీ కూర్చుంటాడు. ఇవాళ ప్రింటరులో కాగితాలు అయిపోయి బయటికొచ్చి, బొమ్మలు చూశాడు. అనుమానం వచ్చిన మనిషికి తీరిక ఎక్కణ్ణుంచి వస్తుందో గాని, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని మరీ చూశాడు.

"మొహం లేదేం?"

"అటు తిరిగి ఉన్నాడుగా."

"ఎవరికీ తెలియకూడదనా?"

"నాకు కనిపించినట్టు వేశాను."

వాహెద్ చేతిలోని బొమ్మను మళ్లీ చూశాడు. అంటే నిజంగానే ఒకడున్నాడన్నమాట! తనకా నీలం చొక్కా లేదు. ఉన్నవన్నీ తెల్లవే. నీలం చొక్కా అనగానే గుర్తొచ్చేది ఫుర్కాన్. స్టేషన్ దగ్గర సరుకుల షాపువాడు, షెహజాదికి జరీ కాగితాలు తెచ్చి ఇచ్చేవాడు. ఎంత మర్యాదస్థుడు, పాపం!

బొమ్మలో ఆ మనిషి పక్కన కప్పు, దానిమీద సాసర్ మూత. వాహెద్ ఫోన్ అందుకున్నాడు.

"ఫుర్కాన్ భాయ్, మా ఇంట్లో చాయ్ ఎలా ఉంటుంది?"

"నాకేం తెలుసు భాయ్? డోర్ దగ్గరే పేపర్లిచ్చి వచ్చేస్తా. షుగర్ వచ్చాక చాయే మానేశా. ఏం, పార్టీ ఏమన్నా ఇస్తున్నావా?"

"ఆ... చూద్దాం" అని పెట్టేశాడు. ఫుర్కాన్ కాకపోతే మరెవడు? అనుమానం తగ్గకపోగా రెట్టింపయింది.

"వాడికి చాయ్ కూడా పెడుతున్నావా?"

"పెడతాను. చల్లారకుండా మూత కూడా వేస్తాను. తాగితేగా!"

"రోజూ వస్తాడా?"

"రోజూ."

"యా అల్లా! ఎంత ధైర్యంగా చెబుతున్నావే! నీతో మాట్లాడతాడా?"

"అదే లేదు" అంది షెహజాది. "నేను వెనక నిలబడినా తెలీదు."

"వాడెవడో చెప్పేదాకా సాటర్‌డే నువ్వు గడప దాటేది లేదు. ఇప్పుడే మీ అన్నకి ఫోన్ చేస్తా!"

"చేసుకోండి." ఆమె కళ్ళు తుడుచుకుంటూ బొమ్మలన్నీ బిస్కెట్ డబ్బాలో సర్దింది. "గుర్తుపట్టలేనివాళ్లకి పేరు చెప్పి ఏం లాభం? లైబ్రరీకి రానని చెప్పేస్తాలెండి."

పడకగది తలుపు వేసుకుంది.

వాహెద్ ఒళ్లు మండిపోతూ కంప్యూటరు గదిలోకి వచ్చిపడ్డాడు. బావమరిదికి ఏమని చెప్పాలి? బొమ్మలో మనిషితో గొడవనా? ముందు పని ముగిద్దామని, అలవాటుగా లైటార్పి కుర్చీలో కూలబడ్డాడు. చీకట్లో నీలం తెర వెలిగింది.

కీబోర్డు పక్కన ఎప్పుడు పెట్టి వెళ్లిందో, సాసర్ మూసిన కప్పు ఉంది. చాయ్ చల్లారిపోయింది. అడ్డంగా ఉందని జరపబోయి చేయి చాచాడు.

తెల్లచొక్కా నీలంగా ఉంది.