ఏడో బ్యాడ్జీ

తొమ్మిదింటిలో ఎనిమిది బ్యాడ్జీల్లో ఏమీ లేదు. ఏడో నంబరు బ్యాడ్జీలో వచ్చిన అంకె చూసి ల్యాబువాళ్లు మిషను పాడైందనుకున్నారు. ఇంకో మిషనులో పెట్టి చూశారు. అదే అంకె.

ఏడో నంబరు రత్నాకర్‌ది.

అజ్మాన్‌లో ఒక తుక్కు యార్డులో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. గంటలోపే అతణ్ణి అంబులెన్సులో ఆస్పత్రికి తెచ్చి, నాలుగో అంతస్తులో విడి గదిలో ఉంచారు. భార్య మాలతి ఏడాది పాపను కింది ఫ్లాటు షాహీదాకు అప్పగించి, ఉన్నపళంగా వచ్చి గాజు తలుపుకు ఇవతల నిలబడింది.

నెల కిందట యార్డుకు ఒక కంటైనరు వచ్చింది. అందులో ఏదో దేశపు యుద్ధవిమానం ముక్కలున్నాయి. ఎప్పుడో అణుబాంబు మోసుకెళ్తూ సముద్రంలో కూలిందట. బాంబు అప్పుడే తీసేశారనీ, మిగిలినదంతా శుభ్రమేననీ కాగితాలున్నాయి. ఆ కాగితాలతోనే తుక్కు మూడు దేశాలు దాటింది. యార్డు గేటు దగ్గర రేడియేషన్ మీటరు మాత్రం కూత పెట్టింది. అందరూ ముదీర్ అని పిలిచే యార్డు మేనేజరు కంటైనరు వెనక్కి పంపలేదు. పనీ ఆపలేదు. తొమ్మిది మందికి తలా ఒక బ్యాడ్జీ ఇప్పించాడు. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. కవరాల్ లోపలి జేబులో పెట్టుకోవాలి. నెల తిరగ్గానే అన్నీ ల్యాబుకు వెళ్లాయి.

సేఫ్టీ ఆఫీసరు ఐజక్ ఫోన్లో లోపలున్న రత్నాకర్‌తో మాట్లాడుతున్నాడు. స్పీకరు పెట్టాడు.

"ఏమయ్యా, నిజం చెప్పు. ఆ తుక్కులోంచి ఏమన్నా తీశావా?"

రత్నాకర్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"తీసిన సార్. చిన్న గుండు. వెండి తీర్గ మెరుస్తుంటే జేబుల ఏసుకున్న."

"ఇప్పుడెక్కడుంది?"

"ఇంట్ల. కిటికీ పక్కన అరల."

"ఎన్నాళ్లు జేబులో పెట్టుకు తిరిగావ్?"

"ఒక్క పూట. గా దినమే ఇంట్ల పెట్టేసిన."

ఐజక్ వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. ముసుగులేసుకున్న మనుషులు ఫ్లాటుకు వెళ్లారు. బిల్డింగు ఖాళీ చేయించి, గుండును సీసపు పెట్టెలో పెట్టుకుపోయారు. రోడ్డు మీద నిలబడి షాహీదా ఫోన్ చేసింది.

"పాలు తాగిందా అక్కా?" అంది మాలతి. "మల్ల కక్కిందా? పండ్లొస్తున్నయి గదా, గట్లనే ఉంటది. జర ఎత్తుకోని తిప్పుండ్రి."

యార్డు నుంచి భోజన్న వచ్చాడు. బస్సు కోసం ఆగకుండా పికప్‌లో వచ్చాడట.

"మా ఎనమండుగురికి సున్నా అచ్చిందట వదినె," అన్నాడు. "బడిల సున్నా అస్తే సారు బెత్తంతోని కొట్టేటోడు. ఈడ సున్నా అస్తేనే పాసట!"

మాలతి నవ్వలేదు. భోజన్న గాజు మీద వేలితో కొట్టాడు.

"లే రా! ఏసీ రూముల పండుకోనికె మంచి సాకు దొర్కింది నీకు."

లోపల రత్నాకర్ నవ్వాడు. అన్నం బాగానే తిన్నానని చేత్తో సైగ చేశాడు.

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. అందులో ఏ తేడా లేదు. భోజన్న చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ఐజక్ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క పూటకి ఇంత అంకె రాదు. నెలంతా దాని పక్కనే ఉంటే వచ్చే అంకె ఇది. రోజూ జేబులో వేసుకునే తిరిగుంటాడు. భయపడి ఒప్పుకోవడం లేదు."

"నా బిడ్డ మీద ఒట్టు సార్," అన్నాడు రత్నాకర్ ఫోన్లో. "ఒక్క పూటనే."

పెద్ద డాక్టరు వచ్చి, కాగితాలు చూసి, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోయాడు. నర్సు కృపాకుమారి మాలతిని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆమెది కాకినాడ.

"రక్తం ఇప్పటికి బాగున్నట్టే కనిపిస్తుందంటమ్మా. కానీ బ్యాడ్జీలో వచ్చినంత తగిలితే మందు లేదంట."

"ఎన్ని దినాలు సిస్టర్?"

"వారాలే అనుకోమన్నారు."

మాలతి రెండు చేతులతో తల బాదుకుంది.

"తప్పు నాదే. నేనే సంపుకున్న. నా చేతులతోని నేనే సంపుకున్న."

"ఊరుకో అమ్మా. ఆ గుండు నువ్వు తెచ్చావా ఏంటి?"

"గా బ్యాడ్జీ సేఫ్టీకని ఇచ్చిండ్రట గదా. అది ఒంటి మీదుంటే ఏ ఇసమూ తాకదన్నడు ఈన."

కృపాకుమారి ఐజక్ వైపు చూసింది. ఐజక్ తల దించుకున్నాడు. బ్యాడ్జీలు పంచిన రోజు అతను తొమ్మిది మందికీ కలిపి హిందీలో రెండు నిమిషాలు మాట్లాడాడు.

"అది దేన్నీ ఆపేది కాదమ్మా," అంది కృపాకుమారి మెల్లగా. "జ్వరం చూసే థర్మామీటరు లాంటిది. ఎవరి ఒంటి మీద ఉంటే వాళ్లకి ఎంత తగిలిందో లెక్క చెబుతుంది. అంతే."

మాలతి ఏడుపు ఆగిపోయింది. గాజు వెనక భర్త ఏదో సైగ చేస్తున్నాడు. ఆమె అటు చూడలేదు. లేచి నిలబడింది. కృపాకుమారి చెయ్యి పట్టుకుంది.

"ఈనకేం గాలే సిస్టర్... గా బ్యాడ్జీ నెలంతా మా పాప మొలతాడుకున్నది."