చెల్లని తారీఖు

"ఏయ్ పిల్లా, నీ కంప్యూటర్‌కు తారీఖు చదువుడు రాదా?" కరుణాకర్ టేబుల్ మీద అరచేత్తో ఒక్కటిచ్చాడు.

లుబ్నా ఉలిక్కిపడింది. తెర మీద, ఇవాళ దుబాయ్ పోవాల్సిన గణేశ్ పేరు పక్కన ఎర్రటి అక్షరాలు: ఇన్‌వాలిడ్ డేట్. కోరుట్లలో మామూ నడిపే గల్ఫ్ ట్రావెల్స్ కోసం ఆ పేజీ రాసింది తనే, ఇవాళే మొదటిసారి వాడుతోంది. వీసా ఏ రోజు వరకు చెల్లుతుందో కొడితే, ఇంకా ఎన్ని రోజులుందో లెక్కగట్టి పేరును పచ్చగా చూపించాలి. పచ్చబడకపోతే పాస్‌పోర్టు చేతికివ్వొద్దు, అది మామూ రూలు. ఆ మామూ ఇవాళే జగిత్యాల వెళ్లాడు. ఫోన్ కలవడం లేదు.

బయట శంషాబాద్ పోయే కారు హారన్ మీద హారన్ కొడుతోంది.

"జల్ది చూడు చెల్లె," అన్నాడు గణేశ్. పక్కన వాళ్లమ్మ మల్లవ్వ కొడుకు బ్యాగు పట్టీ వదలడం లేదు.

"నా కొడుకును ఆడ జైల్ల ఏస్తరా బిడ్డా? మా కథలాపూర్ల ఒగన్ని గట్లనే ఏసిండ్రు, కాయితం మంచిగ లేదని."

"ఊకో అవ్వా!" అని కసిరాడు కరుణాకర్. సిరిసిల్ల నుంచి ఈ వీసా తెచ్చిన ఏజెంటు అతనే. "కాయితం ఒకటో నంబర్‌ది. చూడు, ముప్పై ఒకటి, పదకొండు, రెండువేల ఇరవై ఐదు. ఒకటో తరగతోడు గూడ చదువుతడు."

లుబ్నాకు అర్థమైంది. తప్పు తనదే! "జావాస్క్రిప్ట్ అన్నా ఇది. అమెరికోళ్ల లెక్క నెల ముందు అనుకుంటది. ముప్పై ఒకటో నెల యాడుందని మొత్తుకుంటున్నది."

"మరి మన లెక్క నేర్పియ్యి! ఫ్లైట్ పోతే వీణ్ణి నీ కీబోర్డు మీద కూసోవెట్టి దుబాయ్ పంపుతవా?"

లుబ్నా కోడ్ తెరిచింది. అంకెల మధ్య గీతల దగ్గర తారీఖును మూడు ముక్కలు చేసింది. మొదటిది రోజు, రెండోది నెల, మూడోది సంవత్సరం అని విడివిడిగా అందించింది. ఎక్కడో ఒక బ్రాకెట్టు మరిచిపోయింది. పేజీ మొత్తం తెల్లబడింది.

"అయ్యో, పాయె!" మల్లవ్వ గుండె పట్టుకుంది.

"ఉన్నది అవ్వా, ఉన్నది, ఉన్నది..." బ్రాకెట్టు పెట్టింది. కళ్లు మూసుకుని ఎంటర్ కొట్టింది. కళ్లు తెరిచేసరికి గణేశ్ పేరు పచ్చగా వెలుగుతోంది. పక్కన, 1 డిసెంబర్ 2025.

కరుణాకర్ తెర వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. పాస్‌పోర్టు లాక్కుని గణేశ్ చేతిలో పెట్టి, అతన్ని కార్లోకి తోసి, తన బండెక్కి సిరిసిల్ల దారి పట్టాడు. మల్లవ్వ గుమ్మంలో నిలబడి, కనబడకుండా పోయిన కారుకు చెయ్యి ఊపుతూనే ఉంది.

అప్పుడు చూసింది లుబ్నా. తను ఇచ్చింది ముప్పై ఒకటి. వచ్చింది ఒకటి.

యా అల్లా, ఒక రోజు జరిగింది! మామూ రిజిస్టర్‌లోని మిగతా నలభై మంది తారీఖులు కూడా జరుగుతాయా? తన కోడ్‌ను నమ్మి ఎవరైనా వీసా అయిపోయాక విమానం ఎక్కితే? పేర్లన్నీ ఒక్కొక్కటే కొట్టి చూసింది. ఒక్కటీ జరగలేదు. గణేశ్‌దే జరిగింది.

ఎందుకు?

పిడికిలి బిగించి ఎముకల మీద నెలలు లెక్కపెట్టింది. గుబ్బ మీద పడితే ముప్పై ఒకటి, పల్లంలో పడితే ముప్పై. సెప్టెంబర్ పల్లం. అక్టోబర్ గుబ్బ. ఆ తర్వాత వేలు జారి ఆగిపోయింది.

ఫోన్ అందుకుంది. "గణేశన్నా, కారు ఆపు!"

"ఏమైంది చెల్లె? నీ కంప్యూటర్ మళ్ల తప్పు సూపెడ్తున్నదా?"

"కంప్యూటర్‌ది తప్పు గాదన్నా. నవంబర్‌కు ముప్పై రోజులే. గా వీసా ఏ సర్కారు ఇయ్యలే, కరుణాకర్ ఇచ్చిండు."